ఎండలో ఆట, ఒంటి మీద బట్ట

(ఉప్పల్, నాచారం బస్తీల్లో కొత్తగా చదువు నేర్చుకున్న మహిళల సమావేశంలో ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)

 

ఇవాళ మనం ఆటల గురించి మాట్లాడుకుందాం. ఎండ గురించి మాట్లాడుకుందాం. ఆడేటప్పుడు వేసుకునే బట్టల గురించి కూడా మాట్లాడుకుందాం.

"ఆటలతో మాకేం పని టీచరమ్మా? పొద్దున లేస్తే నీళ్లు, వంట, కూలి. ఆటలు మగపిల్లలకు గదా!" అని మీలో కొందరు అనుకోవచ్చు. కాని మన ఆడపిల్లలు బడికి పోతున్నారు. బడిలో ఖోఖో ఆడుతున్నారు, కబడ్డీ ఆడుతున్నారు, పరుగు పందెంలో ఉరుకుతున్నారు. ఎండాకాలం సెలవుల్లో ఆటల శిబిరాలు పెడతారు. అవి ఏప్రిల్, మే నెలల్లోనే ఉంటాయి. మన హైదరాబాదులో ఎండ 40 డిగ్రీలు దాటేది కూడా ఆ నెలల్లోనే. కాబట్టి ఈ సంగతులు తల్లులకు తెలియాలి.

ఇంకో మాట. ఆటగాళ్లు ఎండను ఎట్లా తట్టుకుంటారో తెలిస్తే, ఎండలో పనిచేసే మనకు కూడా అది పనికివస్తుంది.

మన ఉప్పల్ స్టేడియంలో

ఉప్పల్ స్టేడియం మీ అందరికీ తెలుసు. మ్యాచ్ ఉన్న రోజు రోడ్డు మీద ఆటో దొరకదు. మెట్రో రైలు కిటకిటలాడుతుంది. దాని పేరు రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం. అక్కడ మొదటి అంతర్జాతీయ వన్డే మ్యాచ్ 2005 నవంబరు 16న జరిగింది. మన దేశం, దక్షిణ ఆఫ్రికా ఆడాయి.

2008 నుంచి ఐ.పి.ఎల్. పోటీలు వచ్చాయి. మొదట డెక్కన్ చార్జర్స్ జట్టు ఇక్కడ ఆడేది. 2013 నుంచి సన్‌రైజర్స్ జట్టు ఆడుతోంది. ఈ పోటీలు సరిగ్గా ఎండాకాలంలోనే వస్తాయి. కొన్ని మ్యాచ్‌లు మధ్యాహ్నం మూడున్నరకు మొదలవుతాయి. ఆ వేళకు నేల కాలుతూ ఉంటుంది.

మరి ఆ ఆటగాళ్లు ఏం చేస్తారు? టీవీలో చూసినప్పుడు గమనించండి. నెత్తిన టోపీ పెట్టుకుంటారు. ఒక జట్టు బ్యాటింగు చేసేటప్పుడు రెండుసార్లు రెండున్నర నిమిషాలు ఆట ఆపుతారు. అప్పుడు నీళ్లు తాగుతారు, చల్లటి తువ్వాలు మెడ మీద వేసుకుంటారు. ఆ ఆటలో ఒక్క బౌలరుకు నాలుగు ఓవర్లే ఇస్తారు. మిగతా మ్యాచ్‌లు రాత్రి ఏడున్నరకు పెడతారు.

చూశారా! బలమైన కండలున్న మగవాళ్లు, డాక్టరు పక్కనే ఉన్నవాళ్లు, వాళ్లు కూడా ఎండను లెక్కచేస్తారు. ఎండను లెక్కచేయడం పిరికితనం కాదు, తెలివి.

అదే స్టేడియం బయట చెట్టు నీడ కూడా లేకుండా జెండాలు, టోపీలు అమ్మే అక్కలుంటారు. రోడ్డు ఊడ్చే అక్కలుంటారు. వాళ్లకు ఎవరూ ఆట ఆపి నీళ్లివ్వరు. కాబట్టి మన జాగ్రత్త మనమే నేర్చుకోవాలి.

ఒళ్లు ఎందుకు వేడెక్కుతుంది?

మన ఒంట్లో వేడి సుమారు 37 డిగ్రీలు ఉంటుంది. ఎండాకాలమైనా, చలికాలమైనా అంతే. కూర్చుంటే మనకు ఎండ వేడి ఒక్కటే తగులుతుంది. ఉరికితే లోపలి నుంచి కూడా వేడి పుడుతుంది. కండలు పనిచేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో నాలుగు వంతులకు సుమారు మూడు వంతులు వేడిగా మారుతుంది. పొయ్యి మీద పాలు పెట్టి కింద మంట పెంచినట్టు అన్నమాట.

ఆ వేడిని బయటికి పంపేది చెమట. చెమట ఆరిపోయేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు ఎట్లా చల్లబడతాయి? కుండకు సన్నటి చిల్లులుంటాయి. వాటి నుంచి నీరు బయటికి ఊరుతుంది. ఆ తడి ఆరుతుంటే లోపలి నీళ్లు చల్లబడతాయి. మన ఒళ్లు కూడా ఒక కుండే. కుండ మీద ప్లాస్టిక్ కవరు చుట్టండి. నీళ్లు చల్లబడవు. గాలి ఆడని బట్ట వేసుకుని ఎండలో ఉరికితే మన ఒళ్లు కూడా అంతే.

మన హైదరాబాదు ఎండ పొడి ఎండ. చెమట పట్టగానే ఆరిపోతుంది. "నాకు చెమటే పడతలేదు" అనుకుంటాం. కాని ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది. విశాఖపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో గాలి తడిగా ఉంటుంది. అక్కడ చెమట కారుతుంది గాని ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకే అక్కడ ఎండ తక్కువున్నా ఉక్కపోత ఎక్కువ. రెండు చోట్లా ప్రమాదమే.

గట్టిగా ఆడే మనిషికి గంటలో ఒక లీటరు చెమట పోవచ్చు. ఎండ ఎక్కువైతే ఇంకా ఎక్కువ పోవచ్చు. ఆ నీరు తిరిగి ఒంట్లో పొయ్యకపోతే నెత్తురు చిక్కబడుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెమట తగ్గుతుంది. ఒంటి వేడి 40 డిగ్రీలకు ఎక్కితే మెదడు మీద దెబ్బ పడుతుంది. దాన్నే మనం వడదెబ్బ అంటాం.

వడదెబ్బ చిన్న సంగతి కాదు. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు మన దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవాళ్లే. చాలామంది కూలిపని చేసుకునే పేదలు, ముసలివాళ్లు.

గాబ్రియేలా పరుగు

ఇప్పుడు ఒక నిజంగా జరిగిన కథ చెబుతాను.

1984లో అమెరికా దేశంలోని లాస్ ఏంజిలిస్ నగరంలో ఒలింపిక్ పోటీలు జరిగాయి. ఆడవాళ్లకు మారథాన్ పరుగు పెట్టడం ఒలింపిక్స్‌లో అదే మొదటిసారి. మారథాన్ అంటే 42 కిలోమీటర్లకు పైగా ఉరకాలి. అంటే ఇక్కడి నుంచి భువనగిరి దాకా అనుకోండి. "ఆడవాళ్లు అంత దూరం ఉరకలేరు, వాళ్ల ఒళ్లు తట్టుకోదు" అని అంతకుముందు పెద్దపెద్దవాళ్లే అనేవారు. అందుకే అన్నేళ్లు పెట్టలేదు.

ఆ రోజు ఆగస్టు 5. ఎండ బాగా కాసింది. ముందుగా అమెరికా అమ్మాయి జోన్ బెనాయిట్ వచ్చి గెలిచింది. తరువాత సుమారు 20 నిమిషాలకు స్విట్జర్లాండు దేశపు గాబ్రియేలా ఆండర్సన్ స్టేడియంలోకి వచ్చింది. ఆమె వయసు 39 ఏళ్లు. దారిలో ఆఖరి నీళ్ల చోటు దగ్గర ఆమె నీళ్లు తీసుకోలేకపోయింది. స్టేడియంలోకి వచ్చేసరికి ఆమె ఒళ్లు ఒకపక్కకు వంగిపోయింది. ఒక కాలు ఈడుస్తోంది. తాగినవాళ్లు తూలినట్టు తూలుతోంది.

డాక్టర్లు దగ్గరకు వచ్చారు. ఆమె చేయి ఊపి వద్దంది. ఎవరైనా పట్టుకుంటే ఆమెను పోటీ నుంచి తీసేస్తారు. ఆమెకు ఇంకా చెమట పడుతోందని డాక్టర్లు చూశారు. పోనిచ్చారు. ఆఖరి చుట్టు తిరగడానికి ఆమెకు ఐదు నిమిషాలకు పైగా పట్టింది. గీత దాటగానే డాక్టర్ల చేతుల్లో పడిపోయింది. వైద్యం చేశాక తేరుకుంది. ఆమెకు వచ్చింది 37వ స్థానం. కాని ఆమె పేరు ప్రపంచమంతా తెలిసింది.

ఆమె పట్టుదలకు దండం పెట్టాల్సిందే. కాని ఈ కథలో మనం నేర్చుకోవలసింది ఇంకొకటుంది. ఒక్కచోట నీళ్లు తప్పితే ఇంత పని జరిగింది! ఏళ్లతరబడి నేర్చుకున్న మనిషికే అట్లా అయితే, మన ఐదో తరగతి పిల్ల సంగతి ఏమిటి? "చెమట పడుతోంది కదా, ఏం కాదు" అనుకోకూడదు. గట్టిగా ఆడేవాళ్లకు చెమట పడుతుండగానే వడదెబ్బ తగలవచ్చు. నడక తూలితే, మాట తడబడితే ఆట ఆపాల్సిందే.

ఆ తరువాత పెద్ద పోటీలు పెట్టేవాళ్లు కూడా కొంత నేర్చుకున్నారు. 2021లో జపాన్ దేశంలోని టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. అక్కడ ఎండకు భయపడి మారథాన్ పరుగును ఉత్తరాన చల్లగా ఉండే సప్పోరో నగరానికి మార్చారు. ఆడవాళ్ల పరుగు పొద్దున ఏడు గంటలకు ఉండగా, అక్కడ కూడా వేడి ఉందని, ఆరు గంటలకే మొదలుపెట్టారు. ఒలింపిక్స్ వాళ్లే వేళ మార్చుకున్నప్పుడు, మన బస్తీ ఆటల వేళ మనం మార్చుకోలేమా?

ఒక తల్లి అడిగిన ప్రశ్న

మొన్న ఒక అక్క నన్ను అడిగింది. "టీచరమ్మా, మా బిడ్డను కబడ్డీ జట్టుల తీసుకున్నరు. ఎండకాలం క్యాంపు ఉన్నదట. నిక్కరు, బనీను వేసుకోవాల్నట. వాళ్ల నాయన వద్దంటున్నడు. నాయనమ్మ వద్దే వద్దంటున్నది. నలుగురు ఏమంటరో అని నాకు కూడా భయమే. బిడ్డ మూడు రోజుల సంది అన్నం సరిగ తింటలేదు. ఏం చెయ్యాలె?"

ఈ ప్రశ్న ఆ అక్క ఒక్కదానిదే కాదు. మన నగరంలో, మన రాష్ట్రంలో పెద్ద పేరు తెచ్చుకున్న ఆడపిల్లలు కూడా ఈ ప్రశ్నను ఎదుర్కొన్నారు.

సానియా మీర్జా మన హైదరాబాదులో పెరిగింది. టెన్నిస్ ఆడింది. 2005లో హైదరాబాదులో జరిగిన పోటీలో గెలిచింది. అంత పెద్ద మహిళా టెన్నిస్ పోటీలో ఒంటరి ఆట గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. అప్పుడు ఆమె వయసు 18 ఏళ్లు. అదే ఏడాది ఆమె వేసుకునే పొట్టి స్కర్టు తప్పు అని కొందరు మతపెద్దలు అన్నారు. పేపర్లలో, టీవీల్లో అదే మాట. కలకత్తాలో ఆడేటప్పుడు ఆమెకు పోలీసు కాపలా పెంచాల్సి వచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్ల ఎట్లా ఆడిందని మాట్లాడాల్సింది పోయి, ఏం తొడుక్కుందని దేశమంతా మాట్లాడింది. సానియా ఆట ఆపలేదు. 2015లో జంట ఆటలో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. 2023లో ఆట నుంచి తప్పుకునే నాటికి జంట ఆటల్లో ఆరు పెద్ద పోటీలు గెలిచి ఉంది.

నిఖత్ జరీన్ మన నిజామాబాదు బిడ్డ. బాక్సింగ్ నేర్చుకుంది. అందులో పొట్టి లాగు, చేతుల్లేని బనీను వేసుకోవాలి. చుట్టుపక్కలవాళ్లు, బంధువులు తల్లిదండ్రులను మాటలన్నారు. తండ్రి పట్టించుకోలేదు. బిడ్డను వెనకేసుకొచ్చాడు. 2022లో, 2023లో నిఖత్ ప్రపంచ చాంపియన్ అయింది. ఒకప్పుడు మాటలన్నవాళ్లే తరువాత ఫొటో దిగడానికి వచ్చారు.

ఇంతవరకు విన్నాక మీరు, "పొట్టి బట్టలు వేసుకుంటేనే గెలుస్తారు అంటున్నావా?" అని అడగవచ్చు. కాదు. రెండో పక్క కూడా వినండి.

2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సంఘం ఒక నియమం పెట్టింది. ఆడవాళ్లు పెద్ద పోటీల్లో స్కర్టు గాని గౌను గాని వేసుకుని తీరాలి అంది. నిక్కరో, పొడుగు లాగో వేసుకున్నా దాని మీద స్కర్టు ఉండాలి అంది. ఎందుకట? ఆట చూడటానికి ముచ్చటగా ఉండాలట, జనం ఎక్కువ రావాలట. చాలా దేశాల ఆడవాళ్లు ఒప్పుకోలేదు. "మా ఆట చూడటానికి రండి, మమ్మల్ని చూడటానికి కాదు" అన్నట్టు గట్టిగా నిలబడ్డారు. చివరికి 2012లో ఆ నియమం పోయింది.

2021లో నార్వే దేశపు అమ్మాయిలు ఇసుకలో ఆడే హ్యాండ్‌బాల్ పోటీకి వెళ్లారు. నియమం ప్రకారం ఆడవాళ్లు లోదుస్తు అంత చిన్న బట్ట వేసుకోవాలి. మగవాళ్లు మాత్రం నిక్కరు వేసుకోవచ్చు. ఆ అమ్మాయిలు నిక్కరు వేసుకుని ఆడారు. వాళ్లకు 1,500 యూరోల జరిమానా పడింది. ప్రపంచమంతా ఇదేం న్యాయం అని అడిగింది. ఆ ఏడాదిలోనే నియమం మార్చారు.

గమనించారా? ఒకరు "పొడుగు చెయ్యి" అంటారు. ఇంకొకరు "పొట్టి చెయ్యి" అంటారు. రెండు చోట్లా ఆడే పిల్లను మాత్రం ఎవరూ అడగలేదు. ఎండలో ఉరికేది ఆమె. చెమట కార్చేది ఆమె. కింద పడితే మోకాలు చెక్కుకుపోయేది ఆమెకే.

తల కప్పుకుని ఆడాలనుకునే పిల్లలకు కూడా చాలాకాలం దారి లేదు. 2014లో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం, 2017లో బాస్కెట్‌బాల్ సంఘం తలకు గుడ్డ కట్టుకుని ఆడవచ్చని ఒప్పుకున్నాయి. అది కూడా మంచిదే. ఆ పిల్లలకు మైదానం తలుపు తెరుచుకుంది.

ఆ అక్కకు నేను చెప్పింది ఇదే. "అక్కా, ముందు బిడ్డను అడుగు. ఏం వేసుకుంటే నీకు సుఖంగా ఉంటుంది, సిగ్గు లేకుండా ఆడగలవు అని అడుగు. తరువాత ఆమె నాయనను తీసుకుని బడికి పో. సారుతో మాట్లాడు. మోకాలు దాటిన లాగు, మోచేతి దాకా చొక్కా వేసుకుని ప్రాక్టీసు చేయవచ్చా అని అడుగు. బస్తీ శిబిరంలో సాధారణంగా ఒప్పుకుంటారు. బట్ట కోసం బిడ్డను ఇంట్ల కూచోబెట్టకు. ఆట పోతే బడి మీద ఇష్టం పోతుంది. బడి మీద ఇష్టం పోతే పెళ్లి మాట వస్తుంది." ఈ ఆఖరి మాటకు ఆ అక్క తల ఊపింది. ఆమెకు పదిహేనేళ్లకే పెళ్లయింది.

ఎండకు ఏ బట్ట మంచిది?

ఇప్పుడు బట్ట సంగతి చూద్దాం. కూలికి పోయే అక్క ఏం చేస్తుంది? చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటుంది. తలకు తువ్వాలు కడుతుంది. అది తెలివైన పని. ఎండ నేరుగా చర్మానికి తగలదు. చొక్కా వదులుగా ఉంటుంది కాబట్టి లోపల గాలి ఆడుతుంది.

మరి ఉరికే పిల్ల పొట్టి బట్ట ఎందుకు వేసుకుంటుంది? ఆమెకు బయటి ఎండ కంటే లోపలి వేడి ఎక్కువ. ఆ వేడి తొందరగా బయటికి పోవాలి. అందుకని తక్కువ బట్ట, పలుచటి బట్ట. అంతేగాని అందులో వేరే ఉద్దేశం లేదు. కబడ్డీలో ఇంకో కారణం కూడా ఉంది. వేలాడే బట్ట ఉంటే అవతలివాళ్లు దాన్ని పట్టి లాగుతారు. పిల్ల మెడకో, చేతికో దెబ్బ తగులుతుంది. ఆడేటప్పుడు చున్నీ వద్దనేది అందుకే.

అయితే నిండుగా ఉన్న బట్ట కూడా ఎండకు పనికివస్తుంది. మూడు గుణాలుండాలి. వదులుగా ఉండాలి. పలుచగా ఉండాలి. లేత రంగు ఉండాలి. నల్లటి బట్ట ఎండ వేడిని పీల్చుకుంటుంది. తెల్లటి బట్ట చాలావరకు వెనక్కి కొడుతుంది.

నూలు బట్టా, పాలిస్టరు బట్టా? ఇంట్లో, పొలంలో, పని దగ్గర నూలు బట్ట చాలా మంచిది. కాని గట్టిగా ఆడితే నూలు బట్ట చెమటను పీల్చి బరువెక్కుతుంది. ఒంటికి అంటుకుంటుంది. రాపిడికి తొడలు, చంకలు ఒరుసుకుపోతాయి. ఆటగాళ్లు వేసుకునే సన్నటి చిల్లుల బట్ట పాలిస్టరుదే. అది చెమటను పీల్చి దాచుకోదు. బట్ట మీద పరిచి తొందరగా ఆరనిస్తుంది. అట్లాగని ప్రతి పాలిస్టరు బట్టా మంచిది కాదు. మందంగా, నున్నగా, గాలి ఆడకుండా ఉండే చౌక బట్ట నూలు కంటే అన్యాయం.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. బట్టను నోటికి ఆనించి గట్టిగా ఊదండి. ఊపిరి అవతలికి సులువుగా పోతే గాలి ఆడే బట్ట. పోకపోతే వదిలేయండి. కంపెనీ గుర్తు చూసి డబ్బు పోయవలసిన పని లేదు.

మనలో చాలామందికి కుట్టుమిషను వచ్చు. పిల్లలకు ఆట బట్ట మనమే కుట్టవచ్చు. చంకల దగ్గర బిగువు వద్దు. నడుముకు మరీ గట్టి ఎలాస్టిక్ వద్దు. లాగు మోకాలి కింద దాకా ఉంటే పిల్లకు ధైర్యంగా ఉంటుంది, మోకాలు కూడా చెక్కుకుపోదు.

తెల్ల లాగు భయం

ఇది ఆడవాళ్ల సమావేశం కాబట్టి ఇంకో మాట దాచకుండా మాట్లాడుకుందాం. నెలసరి వచ్చే పిల్లలు ఆటకు ఎందుకు రారు? కడుపునొప్పి ఒక కారణం. మరక భయం ఇంకో కారణం. కొన్ని బడుల్లో ఆటల రోజున తెల్లబట్టలు వేసుకు రమ్మంటారు. ఆ రోజున కొందరు పిల్లలు బడే మానేస్తారు.

ఈ భయం మన బస్తీ పిల్లలకే కాదు, ప్రపంచంలో పెద్ద ఆటగత్తెలకూ ఉంది. ఇంగ్లండులో వింబుల్డన్ అనే పేరున్న టెన్నిస్ పోటీలో చాలాకాలంగా అందరూ తెల్లబట్టలే వేసుకోవాలి. ఆడవాళ్లు తమ ఇబ్బంది చెప్పారు. 2023 నుంచి ఆడవాళ్లు స్కర్టు లోపల ముదురు రంగు నిక్కరు వేసుకోవచ్చని నియమం మార్చారు. అదే ఏడాది ఇంగ్లండు మహిళల ఫుట్‌బాల్ జట్టు ప్రపంచ కప్పులో తెల్ల నిక్కరు మాని నీలం నిక్కరుతో ఆడింది.

ఎండకు తెలుపు మంచిదన్నాం. మరకకు ముదురు రంగు మంచిది. రెండూ కలిపితే సరి. పైన తెల్లచొక్కా, కింద నీలమో, నల్లదో లాగు. ఈ చిన్న మార్పు కోసం తల్లులు బడి సమావేశంలో నలుగురు కలిసి అడగండి. ఒక్కరు అడిగితే సిగ్గుపడతారు. పదిమంది అడిగితే పెద్దసారు తప్పక వింటాడు. బడిలో నీళ్లున్న మరుగుదొడ్డి కావాలని కూడా అప్పుడే అడగండి.

నెలసరిలో ఆడకూడదని ఏమీ లేదు. ఒంట్లో బాగుంటే ఆడవచ్చు. నొప్పి ఎక్కువుంటే ఆ రోజు విశ్రాంతి తీసుకోవచ్చు. అది పిల్ల ఇష్టం. కాని ఎండలో ఎక్కువ నీళ్లు తాగాలి. మూత్రానికి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగకుండా ఉండటం ఆడపిల్లలకు పెద్ద ముప్పు.

ఎండలో ఆడే పిల్లలకు జాగ్రత్తలు

మొదటి జాగ్రత్త వేళ. పొద్దున ఎనిమిది లోపల ఆడాలి. లేదా సాయంత్రం ఐదు తరువాత ఆడాలి. నడిమధ్యాహ్నం వద్దు.

రెండో జాగ్రత్త అలవాటు. ఒంటికి ఎండ అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజే రెండు గంటలు ఉరికించకూడదు. మొదటి రోజు కొంచెం, రెండో రోజు ఇంకొంచెం. కొత్తగా ఎండలో కూలికి పోయేవాళ్లకు కూడా ఇదే మాట.

మూడో జాగ్రత్త నీళ్లు. దాహం వేసేదాకా ఆగకూడదు. ఆటకు ముందు ఒక గ్లాసు, ఆటలో పావుగంటకోసారి కొన్ని గుక్కలు, ఆట అయ్యాక మళ్లీ. మూత్రం రంగు చూసుకోమనండి. లేత పసుపుగా ఉంటే మంచిదే. ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలలేదు.

నాలుగో జాగ్రత్త ఉప్పు. చెమటతో ఉప్పు కూడా పోతుంది. అందుకు రంగునీళ్ల సీసాలు కొననక్కర్లేదు. ఉప్పు వేసిన పలుచటి చల్ల మంచిది. అంబలి మంచిది. నిమ్మకాయ నీళ్లలో కాస్త ఉప్పు, కాస్త చక్కెర కలిపి ఇవ్వండి. వాంతులో, విరేచనాలో అయి నీరసించినవాళ్లకు ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి తాగించండి. అది దొరకకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచాలు తల మీద గుట్ట లేకుండా సమంగా కొలవాలి. ఉప్పు ఎక్కువైతే చెడు చేస్తుంది.

ఐదో జాగ్రత్త నీడ. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి నీడకు రావాలి. తడి తువ్వాలు మెడ మీద వేసుకోవాలి. శిబిరంలో నీడ లేకపోతే పాత చీరలతో పందిరి కట్టవచ్చు. ఒక రంజన్ నిండా నీళ్లు పెట్టవచ్చు. ఇవి మనం చేయగల పనులే.

జ్వరం ఉన్న పిల్లను, రాత్రి నిద్రలేని పిల్లను, పొద్దున ఏమీ తినని పిల్లను ఎండలో ఆడించకండి.

వడదెబ్బ తగిలితే ఏం చేయాలి?

ముందు గుర్తులు తెలుసుకోండి. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, పిక్కలు పట్టెయ్యడం. ఇవి కనిపిస్తే వెంటనే ఆట ఆపి నీడకు తేవాలి. నీళ్లు తాగించాలి. మాట తడబడితే, ఎక్కడున్నానో తెలియకపోతే, తూలి పడిపోతే అది వడదెబ్బ. ఆలస్యం చేయకూడదు.

108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా ఊరికే నిలబడకండి. బిగువు బట్టలు వదులు చేయండి. ఒళ్లంతా చల్లటి నీళ్లు పొయ్యండి. తడిగుడ్డలు మెడ మీద, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. విసరండి. ఐసుముక్కలు దొరికితే గుడ్డలో చుట్టి పెట్టండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఆడపిల్ల పడిపోతే "నలుగురిలో బట్ట వదులు చేస్తే ఎట్లా?" అని వెనకాడకండి. నలుగురు అక్కలు చుట్టూ నిలబడి చీరకొంగులు అడ్డం పెట్టండి. లోపల ఇద్దరు పని చేయండి. మర్యాదా దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది. చల్లబరచడంలో ఒక్క నిమిషం ఆలస్యమైనా ముప్పే.

తెలివిలో లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒంటి మీద పొయ్యండి, నోట్లో కాదు.

అక్కలారా! ఈ ఎండాకాలంలో మనం మూడు పనులు చేద్దాం. మన బస్తీలో పిల్లలు ఆడే చోట ఒక నీళ్ల రంజన్ పెడదాం, వంతులవారీగా నింపుదాం. బడి సమావేశంలో ముదురు రంగు లాగు గురించి అడుగుదాం, అర్జీ మన చేతులతో మనమే రాద్దాం, మన పేర్లు మనమే సంతకం పెడదాం. ఆడాలని ఉన్న ప్రతి ఆడపిల్లను ఒక్కసారి, "నీకేం కావాలి బిడ్డా?" అని అడుగుదాం.



మాట్లాడుకుందాం

1. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? మన ఒళ్లు ఎట్లా చల్లబడుతుంది?
2. గాబ్రియేలా ఎందుకు తూలింది?
3. బ్యాడ్మింటన్ సంఘం 2011లో పెట్టిన నియమం ఏమిటి? అది ఎందుకు పోయింది?
4. మీ ఇంట్లో ఆడపిల్ల ఆటకు పోతానంటే ఎవరు ఏమంటారు? మీరేమంటారు?
5. బడి పెద్దసారుకు ముదురు రంగు లాగు కోసం ఐదు వాక్యాల అర్జీ రాయండి. పక్కనున్న అక్కకు చదివి వినిపించండి.